మూల హస్తం

లోకనాథం తండ్రి చనిపోయిన రోజున ఆ డయాలిసిస్ కేంద్రంలో పదహారు యంత్రాలు ఉన్నాయి. అందులో అయిదే నడుస్తున్నాయి. మిగిలిన పదకొండూ తెల్లగుడ్డలు కప్పుకుని గోడవారన ఉన్నాయి. కరెంటు ఉంది, శుద్ధిచేసిన నీళ్ళు ఉన్నాయి, మందులు ఉన్నాయి. సూది వేసేవాళ్ళు లేరు.

ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. వారానికి మూడుసార్లు ఒంట్లో రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్ళీ ఎక్కించుకుంటే తప్ప బతకనివాళ్ళు వందల్లో ఉన్నారు. వాళ్ళకి ముంజేతిలో రెండు రక్తనాళాల్ని కలిపి కుడతారు. ఆ చోటు తాడులా ఉబ్బుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు. అందులోకి రెండు లావుపాటి సూదులు దించాలి. వెంట్రుకవాసి తప్పితే నరం పాడవుతుంది. నరం పాడైతే ఆ మనిషికి దారి మూసుకుపోయినట్టే. ఆ పని చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది, వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో నిలవరు. ఆ ఏడు ఒక టెక్నీషియను మస్కట్ వెళ్ళిపోయాడు. ఒకమ్మాయి జర్మన్ భాష నేర్చుకోవాలని సెలవు పెట్టి మళ్ళీ రాలేదు. మిగిలింది హెడ్ నర్సు రూపవతి, ఆమె కింద ఇద్దరు.

లోకనాథం అప్పుడు విశాఖపట్నంలో మెడిసిన్ మూడో ఏడు చదువుతున్నాడు. తండ్రిది ఆ రోజు తొమ్మిదో నంబరు. ఆయాసపడుతున్న తండ్రిని బెంచీ మీద కూర్చోబెట్టి, సూది తనే వేస్తానని రూపవతిని బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. పదకొండు గంటలకి ఆయన బెంచీ మీదే పక్కకి ఒరిగిపోయాడు. రూపవతి వచ్చి నాడి చూసి, కళ్ళు మూసి, మరుక్షణం నాలుగో యంత్రం దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ ఇంకొకామెకి సూదులు తీసే వేళయింది.

ఆ వెళ్ళిపోవడాన్ని లోకనాథం చాలా ఏళ్ళు క్షమించలేదు. తర్వాత అర్థం చేసుకున్నాడు. అర్థమయ్యాకే అతని పరిశోధన మొదలైంది.

పద్నాలుగేళ్ళకి మళ్ళీ ఆమె దగ్గరికి వచ్చేసరికి అతను మెదడు మీద పనిచేసే శాస్త్రవేత్త. విశాఖలో ఒక కొండవాలున అతని ప్రయోగశాల. రూపవతికి నలభై తొమ్మిదేళ్ళు. ఆమె వేస్తే సూది దిగిన సంగతి ప్లాస్టరు అంటించాక గాని తెలియదని రోగులు చెప్పుకునేవారు. ఆమె భర్త ధనుంజయుడు జీడితోటల్లో పనిచేసిన మనిషి. అతనూ అప్పటికి మూడేళ్ళుగా అదే కేంద్రంలో రోగి. సోమ, బుధ, శుక్రవారాల్లో భార్య చేతిమీదుగానే అతనికి సూదులు పడేవి.

లోకనాథం ఒక టోపీలాంటి పరికరం తెచ్చాడు. అది పెట్టుకుని రూపవతి రోజూ చేసే పనే చెయ్యాలి. చేతి పనికి మెదడులో ఉన్న గుర్తుని ఆ టోపీ చదువుతుంది. చదివినదాన్ని ఇంకొకరి మెదడులోకి, వాళ్ళు నిద్రలో ఉండగా, పదకొండు రోజులపాటు కొద్దికొద్దిగా దించుతారు. పన్నెండోనాటికి వాళ్ళ చేతులకి ఆ పని వచ్చేస్తుంది.

"నా దాంట్లోంచి తీస్తే నాకు తగ్గిపోదా బాబూ?" అని అడిగింది రూపవతి.

లోకనాథం బెల్లం పాకంతో పోల్చి చెప్పాడు. గట్టిపడిన పాకానికి అచ్చు తియ్యాలంటే కాస్త వేడిచేసి మెత్తబరచాలి. అచ్చు తీశాక అది మళ్ళీ గట్టిపడుతుంది. మనిషి గుర్తూ అంతే, తలుచుకున్నప్పుడల్లా మెత్తబడి మళ్ళీ బిగుసుకుంటుంది. ఎలకల్లో మూడుసార్లు చదివి చూశామనీ, ఏమీ కాలేదనీ అన్నాడు. నాలుగోసారి సంగతి ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

కేంద్రాలు నడిపే సంస్థ తరఫున సత్యభూషణ్ అనే మేనేజరు ఒప్పందం కాగితాలు తెచ్చాడు. వాటిలో ఆమె పేరుండాల్సిన ప్రతిచోటా 'మూల హస్తం' అని ఉంది. ఇదేమిటని అడిగితే, అసలు చెయ్యి మీదే కదమ్మా, గౌరవంగా ఉంటుందని అలా రాయించాం అన్నాడు. ఆమెకి ఆ మాట నచ్చింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె చేతికి ఎవరూ పేరు పెట్టలేదు. సంతకం చేసింది.

మొదటి విడతలో పన్నెండుమంది అమ్మాయిలు. వాళ్ళలో పావని జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. పదో తరగతి చదివింది. జీడిపిక్కల సొన తగిలి వేళ్ళ చివర్లు నల్లబడి ఉండేవి. పన్నెండో రోజున ఆ వేళ్ళతో ధనుంజయుడి చెయ్యి పట్టుకుంది. రూపవతి పక్కనే నిలబడింది. పావని ఫిస్టులా మీద మూడు వేళ్ళు ఆనించి, లోపల రక్తం దూకుడుని వింటున్నట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఒక సూది దించింది. రెండోది దించింది. ప్లాస్టర్లు అంటించి, వాటి మీద బొటనవేలితో మరొక్కసారి గట్టిగా ఒత్తింది.

ధనుంజయుడు ఆ పిల్ల మొహం చూసి, భార్య మొహం చూశాడు.

"నీ సెయ్యే," అన్నాడు. "ఒట్టు. నీ సెయ్యే రూపా."

పావని తన చేతుల్ని తనే తిప్పి తిప్పి చూసుకుని ఏడ్చేసింది. రూపవతికి కన్నకూతుర్ని చూసినట్టనిపించింది.

ఏడాది తిరిగేసరికి పదహారు యంత్రాల మీదా గుడ్డలు తీసేశారు. రెండేళ్ళకి మూడు జిల్లాల్లో ముప్ఫై ఒక్క కేంద్రాలు, రెండువందల పద్నాలుగుమంది అమ్మాయిలు. బెంచీల మీద చావులు ఆగిపోయాయి. లోకనాథాన్ని తర్వాత తిట్టినవాళ్ళు కూడా ఈ మాట కాదనలేదు.

పదకొండు రోజుల్లో వచ్చేదానికి నాలుగేళ్ళెందుకని నర్సింగు కాలేజీల్లో చేరేవాళ్ళు తగ్గారు. డయాలిసిస్ కోర్సుని ముందు ఒక ఏడాది ఆపారు, తర్వాత ఎత్తేశారు. అది చెప్పే టీచర్లు వేరే ఊళ్ళకి పోయారు. పాత టెక్నీషియన్ల పోస్టులు ఖాళీ అయినవి ఖాళీగానే పోయాయి. ఎవరికీ లోటు కనబడలేదు.

తొమ్మిది నెలలకల్లా దించిన పని చెదిరిపోతుందన్న సంగతి మొదట పావనివల్లే తెలిసింది. ఒకరోజు సూది పట్టుకుని, చెయ్యి బరువెక్కింది సిస్టర్, ఇది నాది కానట్టుంది అంది. మళ్ళీ దించాలి. దాచిపెట్టిన నకలు రెండోసారి ఎక్కలేదు. ఒకసారి చూసినదాన్ని మెదడు మళ్ళీ తీసుకోవడంలేదు. ప్రతిసారీ మూల హస్తం నుంచే తాజాగా చదవాలి.

అలా రెండోసారి, మూడోసారి చదివారు. కేంద్రాలు పెరిగి, అమ్మాయిలు విడతలు విడతలుగా చేరడంతో ఆ తొమ్మిది నెలల గడువు కూడా నిలవలేదు. నాలుగోసారి చదివాక రూపవతికి చీర కుచ్చిళ్ళు కుదరడం మానేశాయి. వయసనుకుంది. అయిదోసారి తర్వాత ఒక ఉదయం చేప చేతిలో పట్టుకుని కత్తిపీట ముందు ఆగిపోయింది. తర్వాత ఏం చెయ్యాలో ఆమె తలకి తెలుసు. చేతికి తెలియడంలేదు. ధనుంజయుడు చూసి, ఆ చేపని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

ఆ శుక్రవారం భర్తకి తనే సూది వేస్తానంది. పావని పక్కకి తప్పుకుంది. సూది నరం వెనక గోడలోంచి దూసుకుపోయింది. చూస్తుండగానే ముంజెయ్యి ఉబ్బి, సాయంత్రానికి మోచేతిదాకా నల్లద్రాక్ష రంగుకి తిరిగింది. ధనుంజయుడు నొప్పని అనలేదు. సోమవారం మాత్రం కేంద్రానికి వచ్చాక భార్య వైపు చూడకుండా నేరుగా పావని ఉన్న మంచం దగ్గరికి నడిచాడు.

రూపవతి విశాఖ వెళ్ళింది. ప్రయోగశాలలో లోకనాథం, సత్యభూషణ్ ఇద్దరూ ఉన్నారు.

"మూడన్నావు బాబూ. అయిదయ్యాయి. ఇంక నావల్ల కాదు."

లోకనాథం తలెత్తలేదు. ఇంకొకరి కోసం వెతుకుతున్నామనీ, పాతికేళ్ళు ఇదే పనిచేసిన చెయ్యి కావాలనీ, అలాంటివాళ్ళంతా ఎప్పుడో దేశం దాటిపోయారనీ నసిగాడు. రూపవతి చేతుల్లోంచి ఏదో పోతోందని అతనికి తెలుసు. ఎంత పోతోందో కొలిచి చూడడానికి భయపడ్డాడు.

సత్యభూషణ్ ఆమెకి కుర్చీ వేశాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఇప్పుడు ఆపేస్తే నెలరోజుల్లో రెండువందల పద్నాలుగు జతల చేతులు ఖాళీ అయిపోతాయని మెల్లగా వివరించాడు. ఆమె నీళ్ళు తాగేదాకా ఆగి, అప్పుడడిగాడు.

"మరి మీవారు ఆ సోమవారం ఎక్కడికి వెళతారమ్మా?"

ఆరోసారికి ఆమె తలవంచి కూర్చుంది. ఆ తర్వాత ఆమెని రోగుల దగ్గరికి వెళ్ళనివ్వలేదు. సలహాదారు అని పేరు పెట్టి గుమ్మం పక్కన కుర్చీ వేశారు. రోగులు లోపలికి వెళుతూ నమస్కారం పెట్టేవారు. ఆమె చీరకి ఇప్పుడు ధనుంజయుడే పిన్నులు పెడుతున్నాడు.

ఏడోసారి చదవడం నవంబరు నెలాఖరున జరిగింది. రబ్బరు చెయ్యి ముందు టోపీ పెట్టుకుని కూర్చుంది రూపవతి. లోకనాథం గాజు తలుపు ఇవతల తెర మీద ఆమె మెదడు సంకేతాల గీత చూస్తున్నాడు. ఆమె వేళ్ళు తడుముకుంటూ మూడుసార్లు తప్పాయి. నాలుగోసారి సూదులు సరిగ్గా దిగాయి. ప్లాస్టర్లు అంటించింది. చెయ్యి ఒళ్ళోకి దించేసుకుంది.

తెర మీద గీత ఆఖరి రెండు సెకన్లూ చదునుగా ఉంది. మునుపటి ఆరుసార్లూ అక్కడ చిన్న మిట్ట ఉండేది. లోకనాథం పాత గీతల్ని పక్కన పెట్టి పోల్చాడు. అక్కడ ఆమె ఏం చేసేదో గుర్తు రాలేదు. లోపలికి వెళ్ళి అడిగాడు. అంతేకదా బాబూ, ఇంకేముంది, అందామె.

మళ్ళీ చదవాలంటే ఆమె చేతిలో మిగిలింది కూడా పోతుంది. పక్కన పెట్టేద్దామంటే నాలుగు రోజుల్లో దించడం మొదలవ్వాలి, లేకపోతే కేంద్రాలు మూతబడతాయి. అతనికి బెంచీ మీద తండ్రి ఒరిగిన తీరు గుర్తొచ్చింది. అలాంటప్పుడు అతనికి ఎప్పుడూ అదే గుర్తొచ్చేది. నోటుపుస్తకంలో, 'చివర రెండు సెకన్లు ఖాళీ. ముఖ్యం కాదనుకుంటాను' అని రాసుకుని, అనుమతి పత్రం మీద సంతకం పెట్టాడు.

పదకొండు రోజుల తర్వాత, డిసెంబరులో ఒక మంగళవారం, ముప్ఫై ఒక్క కేంద్రాల్లోనూ ఉదయం ఏడింటికి పని మొదలైంది. చలిగా ఉంది. రోగులు మెడదాకా దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. సూదులన్నీ చక్కగా దిగాయి. అమ్మాయిలకి చేతులు మళ్ళీ తేలికయ్యాయి.

పావని ఆ రోజు జోగినాయుడు అనే రిటైరైన బడి మాస్టారికి సూదులు వేసింది. ఆయన కాసేపు ఆమెతో కబుర్లు చెప్పి, కునుకు తీశాడు. అరగంట పోయాక ఆమె పక్క మంచానికి వెళుతుంటే చెప్పు జారింది. కిందికి చూసింది. దుప్పటి అంచునుంచి రక్తం కారి మంచం కింద మడుగు కట్టి ఉంది. ప్లాస్టరు ఊడి, రక్తాన్ని లోపలికి పంపే సూది బయటికి వచ్చేసింది. యంత్రం ఒంట్లోంచి రక్తం లాగుతూనే ఉంది, కడుగుతూనే ఉంది, నేలమీద పోస్తూనే ఉంది. హెచ్చరిక గంట మోగలేదు. సూది ఊడినా ఒక్కోసారి యంత్రానికి తెలియదు.

గుమ్మం దగ్గరనుంచి రూపవతి పరుగెత్తుకొచ్చి పంపు ఆపింది. మాస్టారి చేతిని రెండు చేతులతో నొక్కిపట్టింది. ఆ చెయ్యి అప్పటికే చల్లబడింది. ఆమె ఊడిన ప్లాస్టరు వైపు చూసింది, తర్వాత పావని బొటనవేలి వైపు చూసింది.

"ఒత్తలేదేమే?" అంది.

"ఏది సిస్టర్?" అంది పావని. ఆమెకి నిజంగానే తెలియదు. ఆ ఒత్తడం ఎవరూ ఆమెకి నేర్పలేదు, ఒత్తనందుకు ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు. అది చేతిలో ఉన్నన్నాళ్ళూ ఉంది.

రూపవతి అరుస్తూ మంచం మంచానికీ పరుగెత్తి దుప్పట్లన్నీ లాగేసింది. మిగిలిన కేంద్రాలకి ఫోన్లు చేయించింది. ఆ కబురు అన్నిచోట్లకీ చేరేలోపు పదకొండుమంది పోయారు. అందరూ నిద్రలోనే పోయారు. అందరి దగ్గరా పక్కనే ఒక అమ్మాయి ఉంది.

విచారణ జరిగింది. అమ్మాయిలది తప్పు కాదన్నారు, వాళ్ళ చేతులు వాళ్ళవి కావు గనక. పరికరంలో లోపం లేదని నిపుణులు తేల్చారు. అప్పుడు ఒప్పందం తెరిచారు. దించిన పనిలో ఏ దోషం ఉన్నా దానికి బాధ్యత మూల హస్తానిది అని అందులో ఉంది. చదివినప్పుడు అంతా మామూలుగా ఉందా అని లోకనాథాన్ని అడిగారు. పరికరం మామూలుగానే పనిచేసింది అన్నాడు. అది అబద్ధం కాదు. నోటుపుస్తకం సంగతి ఎవరూ అడగలేదు.

చేతులు పట్టు తప్పుతున్నాయని ముందే చెప్పానని రూపవతి చెప్పింది. ఎవరికి చెప్పారు, కాగితం ఉందా అని అడిగారు. లేదు. తన లోపాన్ని దాచి పదకొండుమంది చావుకి కారణమైందని ఆమె నర్సు రిజిస్ట్రేషను రద్దుచేశారు. టీవీలో ఆమె ఫొటో వేశారు. జోగినాయుడు మాస్టారి కూతురు ఆమె ఇంటి వాకిట్లోకి వచ్చి నిలబడింది. తిట్టలేదు. లోపల గోడకి ఆనుకుని రొప్పుతున్న ధనుంజయుడిని కాసేపు చూసి, వెళ్ళిపోయింది.

చావులు జరిగిన మర్నాడే కేంద్రాలన్నీ మూసేశారు. దించిన పనిని వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. నేర్చుకుని చేసేవాళ్ళు ఆ మూడు జిల్లాల్లో ఎవరూ మిగల్లేదు. స్తోమతు ఉన్నవాళ్ళు విశాఖ ఆసుపత్రుల ముందు వరసలు కట్టారు. లేనివాళ్ళు ఇళ్ళల్లో పడుకున్నారు. మంగళవారం పోయిన పదకొండుమంది పేర్లూ పేపర్లో వచ్చాయి. తర్వాత ఇళ్ళల్లో పోతున్నవాళ్ళ పేర్లు రాలేదు.

ధనుంజయుడికి పంతొమ్మిది రోజుల్లో రెండే రెండుసార్లు వంతు దొరికింది. కాళ్ళు స్తంభాల్లా వాచాయి. పడుకుంటే ఊపిరాడక గోడకి చేరగిలబడి కూర్చునేవాడు. నీళ్ళు గుక్కెడు గుక్కెడే ఇవ్వాలి. దాహమని అతను అడగడు, గ్లాసు వైపు చూస్తాడు. రూపవతి సెలైను గొట్టాన్ని స్పంజి ముక్కలో దాచిపెట్టి పొద్దస్తమానం సూది పొడుస్తూ కూర్చునేది. నిన్న కుదిరింది ఇవాళ కుదరదు. పాకం మెత్తబడిన ఆ చోట ఇంక ఏదీ గట్టిపడటంలేదు.

ఒకరోజు పావని వచ్చింది. మాస్టారి చావు తర్వాత ఆమె సూది ముట్టలేదు. నేర్పండి సిస్టర్, ఎన్నాళ్ళయినా నేర్చుకుంటాను అంది. రూపవతి స్పంజి ముందు కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. వేలు ఆనించు అంది. ఎంత గట్టిగా అని అడిగింది పావని. రూపవతి నోరు తెరిచి, చాలాసేపు వెతుక్కుంది. చెయ్యి పట్టుకుని చూపించడం తప్ప ఆ సంగతి చెప్పడానికి ఆమె దగ్గర మాట లేదు. చూపించడానికి చెయ్యి లేదు.

ఇరవయ్యో రోజు పొద్దున్న లోకనాథం వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. గుమ్మంలోనే నిలబడి, ఏడోసారి గీతలో చివర రెండు సెకన్లు ఖాళీగా ఉండటం తను చూశాననీ, చూసి సంతకం పెట్టాననీ చెప్పాడు. ఆమె కొడుతుందనో, కేకలు వేస్తుందనో అనుకున్నాడు.

"ఇప్పుడు ఏ పని మీద వచ్చావు?" అని అడిగింది రూపవతి.

ఇంకొక మూల హస్తం దొరికిందని చెప్పాడు. పార్వతీపురం అవతల కొండల్లో ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న నర్సు, మేరీరత్నం. పాత మూల హస్తానిదే తప్పని తేలింది గనక, కొత్తదానితో మొదలుపెట్టుకోవచ్చని అనుమతి ఇచ్చారు. ఆమె మాత్రం రూపవతితో మాట్లాడాకే ఏ సంగతీ చెబుతానంది.

రూపవతి, మేరీరత్నం విశాఖలో నర్సింగు చదివినప్పుడు నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నారు. ఒకరి జడ ఒకరు వేసుకునేవారు.

"ఈసారి నాలుగుసార్లే అక్కా. రాసిస్తాను," అన్నాడు లోకనాథం.

"నాకు మూడన్నావు."

లోకనాథం గుమ్మాన్ని పట్టుకున్నాడు. "ఆవిడకి నిజం చెప్పమని అడగడానికి వచ్చానో, అబద్ధం చెప్పమని అడగడానికి వచ్చానో నాకే తెలీడంలేదు," అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మేరీరత్నం ఫోను చేసింది. రూపవతి ఫోనుని చేత్తో సరిగ్గా పట్టుకోలేక, స్పీకరు పెట్టి పీట మీద ఉంచింది.

టీవీలో చూసి తను నమ్మలేదనీ, ప్రభువుని తలుచుకుని రోజూ నీకోసం ప్రార్థన చేస్తున్నాననీ అంది మేరీరత్నం. ఉద్దానంలో మనుషులు చచ్చిపోతున్నారని డాక్టరు లోకనాథం వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నాడంది. తనకి ఇంకా నాలుగేళ్ళ ఉద్యోగం ఉంది, చేతిలో ఉన్నది పదిమందికి పోతే మంచిదేగా అంది. తర్వాత ఆమె గొంతు తగ్గింది.

"నాకు ఒకటే బెంగే రూపా. మా పిల్ల సారా నీకు తెలుసు గదా. పుట్టు చెవుడు. దాంతో నాను సేతుల్తోనే మాట్లాడతాను. ఆ సైగలు మా ఇద్దరివే, ఇంకొకలికి తెలవవు. వాళ్ళు సదివినాక నా సేతులకి ఏటీ అవదు గదా? నువ్వు ఏడుసార్లు కూకున్నావు. నువ్వు సెప్పు. నువ్వు కాదంటే నాను రాను."

రూపవతి తలెత్తింది. ధనుంజయుడు గోడకి ఆనుకుని నోటితో ఊపిరి తీస్తున్నాడు. అంతా విన్నాడు. మాట్లాడే ఓపిక లేదు. భార్య కళ్ళలోకి చూస్తూ, వద్దని తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఊపాడు.

ఆమె పీటని చేత్తో జరుపుకుని, అతను కనబడకుండా అటు తిరిగి కూర్చుంది.

"దానికీ దీనికీ సంబంధం లేదే," అంది. "నాది నరాల జబ్బు. ముందునించీ ఉంది, నేనే దాచుకున్నాను. వాళ్ళ తప్పేం లేదు. నువ్వు రా."

అవతల మేరీరత్నం గట్టిగా ఊపిరి వదలడం వినబడింది. దేవుడు నిన్ను క్షమిస్తాడే, ఏడవకు అంది. రూపవతి ఏడవడంలేదు.

వెనక్కి తిరిగేసరికి ధనుంజయుడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ రోజు గ్లాసు నోటికి అందిస్తే పళ్ళు బిగించాడు. ఆమె దవడ పట్టుకుని తెరిచి గుక్కెడు పోసింది.

మేరీరత్నం ఆ శుక్రవారమే ప్రయోగశాలకి వెళ్ళింది. లోకనాథం విశాఖలో ఎవరినో పట్టుకుని ధనుంజయుడికి మరో రెండు వంతులు ఇప్పించాడు. జనవరి రెండోవారంలో కేంద్రాలు తెరిచారు. గుమ్మం పక్క కుర్చీ తీసేశారు. రూపవతిని లోపలికి రానివ్వలేదు గనక ఆమె బయట వేపచెట్టు కింద కూర్చుంది. లోపల పావని మళ్ళీ పని దించుకుని ధనుంజయుడికి సూదులు వేసింది. ఈసారి ఎడమచేత్తో రోగి మణికట్టు పట్టుకుని, కుడిచేత్తో వేసింది. అది మేరీరత్నం పద్ధతి. ధనుంజయుడు ఆ చెయ్యి వైపు చూడలేదు. వారం తిరిగేసరికి కాళ్ళ వాపు దిగింది, పడుకుని నిద్రపోగలిగాడు, తోటదాకా నడిచి వచ్చాడు. భార్య చీరకి పిన్నులు పెడుతూనే ఉన్నాడు. ఆమెతో మాట్లాడటం మాత్రం మానేశాడు.

రెండోసారి చదివాక, మార్చిలో, మేరీరత్నం కూతుర్ని వెంటబెట్టుకుని రూపవతిని చూడటానికి వచ్చింది. అరిసెలు తెచ్చింది. ధనుంజయుడు వాళ్ళకి కుర్చీలు వేసి, పెరట్లోకి వెళ్ళిపోయి అక్కడే ఉండిపోయాడు. సారాకి ఇరవై నాలుగేళ్ళు. సన్నగా, చురుగ్గా ఉంది. తల్లీకూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని చేతులతో గబగబా ఏవో చెప్పుకుంటున్నారు. వేళ్ళు విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి, ఒకరి మాట మీద ఒకరికి నవ్వొస్తోంది. మధ్యలో సారా రూపవతి వైపు తిరిగి, రెండు చేతులూ గుండెకి ఆనించి, ముందుకి చాపింది.

ఏమంటోందని అడిగింది రూపవతి.

"నీకు దండాలు సెప్తంది," అంది మేరీరత్నం. "మా అమ్మ సేత ఇంత మంచి పని సేయించినావని."

రూపవతి తల ఊపింది. మేరీరత్నం మళ్ళీ కూతురి వైపు తిరిగి ఏదో చెప్పసాగింది. రూపవతి ఆమె మొహం చూడలేదు. ఆమె వేళ్ళనే, ఒక్కొక్క వేలునీ, రెప్పవేయకుండా చూస్తూ కూర్చుంది. ఇంకా ఏ వేలూ తడబడలేదు.